నాలుగో ఘాతం గుడివాడ

సరోజినికి లెక్కలు రాక కాదు, పిల్లలతో మాట్లాడటం రాక కాదు. ఆ రెండూ ఒకే గదిలో ఒకేసారి చెయ్యాల్సి వచ్చినప్పుడే ఎక్కడో తేడా కొట్టేది.

పెళ్లికి ముందే బందరులో బీయస్సీ లెక్కలు చదివి, బీఈడీ కూడా పూర్తిచేసింది. ఉద్యోగం చూసుకునేలోపు కొడుకు పుట్టాడు. ఆ తరవాత అత్తగారు మంచాన పడింది. అలా ఏళ్లు గడిచాయి. అత్తగారు పోయి, కొడుకు ఇంటర్లో చేరి హాస్టలుకు వెళ్లాక ఇంట్లో మధ్యాహ్నాలు మిగలడం మొదలైంది. అప్పుడు బీరువాలోంచి సర్టిఫికెట్లు బయటికి తీసింది. ఇల్లు గడవడానికి ఇబ్బందేం లేదు, భర్త రాజ్ కుమార్ ఎలక్ట్రికల్ షాపు బాగానే నడుస్తోంది. ఆమెకు కావలసింది నల్లబల్ల ముందు నిలబడటం. పదో తరగతి చదివే రోజుల నుంచీ కోరుకున్నది అదొక్కటే.

బందరులోనే రెండు స్కూళ్లలో డెమో క్లాసు చెప్పింది. మొదటిచోట మూడో బెంచీలో ఒక పిల్లవాడు చక్కగా నిద్రపోయాడు. రెండోచోట క్లాసంతా ఆమె చెప్పిన నిర్వచనాన్ని తిరిగి ముక్తకంఠంతో చెప్పింది గానీ, దాని మీద చిన్న ప్రశ్న వేస్తే ఒక్క చెయ్యీ లేవలేదు. రెండుచోట్లా మర్యాదగా కాఫీ ఇచ్చి పంపారు. సరోజినికి వాళ్ల మీద కోపం రాలేదు. ఆ కుర్చీలో తను కూర్చున్నా తనలాంటి టీచర్ని తీసుకునేది కాదు.

మూడో పిలుపు గుడ్లవల్లేరు నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతికి బహుపదులు, అందులోనూ బహుపది పరిమాణం. పిల్లలు డిగ్రీ అనే అంటారు దాన్ని. ఈసారి కూడా కుదరకపోతే ఇంకెక్కడికీ వెళ్లనని, సర్టిఫికెట్లు మళ్లీ బీరువాలో పెట్టేస్తానని భర్తతో చెప్పేసింది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నట్టే.

ముందురోజు సాయంత్రం వంటింట్లో రాజ్ కుమార్‌ని పీట మీద కూర్చోబెట్టి, వెల్లుల్లిపాయలు చేతికిచ్చి, పాఠం మొదలుపెట్టింది. ఏకచరరాశి బహుపదిలో చరరాశి యొక్క గరిష్ఠ ఘాతాంకమే ఆ బహుపది పరిమాణం అని చెప్పి, తిరిగి చెప్పమంది. రాజ్ కుమార్ పొల్లు పోకుండా చెప్పాడు.

"ఏమర్థమైంది?"

"ఆమేన్ అనాలనిపించింది," అన్నాడు అతను వెల్లుల్లి పొట్టు ఊదుతూ.

అతని ఎగతాళిలో నిజం ఉంది. ఇన్నేళ్లుగా ఆమె పిల్లలకు చెప్పింది ఆదివారం చర్చిలో సండేస్కూలు పాఠాలే. అక్కడ వారానికొక బంగారు వాక్యం, అంటే బైబిల్లోంచి కంఠతా పట్టాల్సిన మాట. టీచరు ఒక ముక్క అంటుంది, పిల్లలు అంటారు. మళ్లీ అంటుంది, మళ్లీ అంటారు. పై ఆదివారానికి ఒప్పజెప్పినవాళ్లకు చాక్లెట్ బిళ్ల. ఆ వరస ఆమె నాలుకకు పట్టేసింది. లెక్కల నిర్వచనం నోట్లోకి రాగానే గొంతు దానంతట అదే సాగి, చివర కాస్త పైకి లేచి, పిల్లల కోసం ఆగుతుంది. పరిమాణం అంటే ఏమిటో ఆమెకు తెలుసు, అది ఎదుటివాళ్లకు కనపడేలా చెప్పే మాటే దొరకడం లేదు.

మర్నాడు పొద్దున్నే బందరు బస్టాండుకు వచ్చేసరికి గుడివాడ బస్సులు ఆగే చోట ఒక పెద్దాయన మెడ నిక్కించి వచ్చే బస్సు బోర్డులన్నీ చదువుతున్నాడు. చేతిలో సంచి, సంచిలోంచి ఎండురొయ్యల వాసన. చుట్టుపక్కలవాళ్లు ఆయనకు కాస్త ఎడంగా నిలబడ్డారు. ఆయన మాత్రం సరోజిని దగ్గరికే వచ్చాడు. పేరు సూరయ్య, దివిసీమలో పాలకాయతిప్ప పక్క ఊరు. చిన్నకూతురికి కవుతారం సంబంధం చేశాడట, ఈ దారిన రావడం ఇదే మొదలట.

"ఇందాకట్నుంచీ చూస్తన్నా, కవుతారం బస్సు ఒక్కటీ రాలేదమ్మాయ్. అన్నీ గుడివాడే. ఆ ఊరికి బస్సు లేదేంటి?"

"కవుతారమని బోర్డు ఉండదు బాబాయ్ గారూ. గుడివాడ బస్సు ఎక్కితే మధ్యలో పెడన, కవుతారం, గుడ్లవల్లేరు అన్నీ తగులుతాయి. దారిలో ఎన్ని ఊళ్లున్నా బోర్డు మీద చివరి ఊరి పేరే రాస్తారు."

ఆయన నమ్మీ నమ్మనట్టు ఆమె వెనకాలే ఎక్కి, ఆమె వెనక సీట్లోనే కూర్చున్నాడు. కండక్టరు వచ్చి సరోజిని ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత ప్రయాణపు జీరో టికెట్ కొట్టి ఇచ్చింది. సూరయ్య దగ్గర డబ్బు తీసుకుంది. ఆయన రెండు టికెట్లూ మార్చి మార్చి చూసి, ఈసారి తనూ చీర కట్టుకుని వస్తానన్నాడు. మీసం తీసేసి రమ్మంది కండక్టరు. వాసనకు ముక్కు మూసుకున్నవాళ్లు కూడా నవ్వారు.

సరోజిని పుస్తకం తెరిచింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. రెండు పేజీలూ ఆమెకు కంఠతా వచ్చు. అదే కదా చిక్కు.

పెడనలో బస్సు సగం ఖాళీ అయింది. అద్దకం పనికి వెళ్లేవాళ్లు, బజారు పనిమీద వచ్చినవాళ్లు బిలబిలమని దిగిపోయారు. వెనక సీట్లోంచి సూరయ్య భయపడుతూ ముందుకు వంగాడు.

"అందరూ దిగిపోతన్నారమ్మాయ్. ఇంత జనం పెడనకే అయితే ఇది పెడన బస్సే కదా. బోర్డు మార్చేస్తారేమో చూడు."

"ఎంతమంది దిగితే ఏముంది బాబాయ్ గారూ. పెడనకు వందమంది వచ్చినా బోర్డు మారదు. అందరికన్నా దూరం పోయేవాళ్లు ఒక్కరున్నా ఇది గుడివాడ బస్సే."

ఆ మాట పూర్తిచేసి పుస్తకంలోకి చూసిన సరోజిని అలాగే ఉండిపోయింది. పేజీలో బహుపది పెద్ద పెద్ద గుణకాలతో, చిన్న చిన్న ఘాతాంకాలతో ఎప్పటిలాగే ఉంది. కానీ ఇప్పుడు దాని నుదుటిన ఒక బోర్డు కనపడుతోంది. తనే రెండుసార్లు చెప్పింది, బంగారు వాక్యం గొంతు రాకుండా, ఒక పెద్దమనిషికి దారి చెప్పినట్టు. కవుతారంలో సూరయ్య దిగుతూ, నీ పని చల్లగా జరగాలమ్మా అన్నాడు. ఏం పనో ఆయనకు తెలియదు. సరోజిని మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

గుడ్లవల్లేరు స్కూల్లో ప్రిన్సిపాలు చలపతిరావుగారు. ప్రభుత్వ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరై, ఇక్కడ చేరిన మనిషి. మాట తక్కువ. ఆమెను తొమ్మిదో తరగతికి తీసుకెళ్లి, పిల్లలకు పరిచయం చేసి, ఆఖరి బెంచీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. అది వినడమో కునుకో పిల్లలకే తెలియదట, ఇక ఆమెకేం తెలుస్తుంది.

సరోజిని బోర్డు మీద పాఠం పేరు రాసింది. ఇటు తిరిగింది. అన్ని కళ్లూ ఒక్కసారి చూసేసరికి బస్సూ లేదు, గుడివాడా లేదు. "ఏకచరరాశి బహుపదిలో..." అని గొంతు సాగింది. పిల్లలు అలవాటుగా అందుకున్నారు. కిటికీ పక్కనున్న పిల్లవాడు నోరు చేత్తో మూసుకుని పెద్దగా ఆవలించాడు.

ఆ ఆవలింత ఆమెకు తెలుసు. బందరులో రెండుచోట్లా పాఠం ఇలాగే పోయింది. నిర్వచనం సగంలో ఆపేసింది.

"ఇది తరవాత చూద్దాం. మీలో బందరు బస్సు ఎక్కినవాళ్లు చేతులెత్తండి."

అందరివీ లేచాయి. బోర్డుకు అడ్డంగా ఒక గీత గీసింది. మొదట్లో బందరు బస్టాండు. ఒకటో ఆగుదల పెడన, దానికి x. రెండోది కవుతారం, x². మూడోది మన గుడ్లవల్లేరు అనగానే వెనక బెంచీలవాళ్లు సర్దుకుని కూర్చున్నారు, దానికి x³. నాలుగోది గుడివాడ, x⁴. ఇప్పుడు ఒక బస్సు బయలుదేరింది. పెడనకు నలభై, కవుతారానికి ఆరు, గుడివాడకు ఒకటి. ముగ్గురు ఎక్కించడానికి వచ్చి బస్టాండులోనే ఆగిపోయారు. ఆమె చకచకా రాసింది: 40x + 6x² + x⁴ + 3.

"దీనికి ఏ బోర్డు పెడదాం?"

నలభై అన్నిటికన్నా పెద్దది కాబట్టి పెడన అన్నాడు ఆవలించిన పిల్లవాడు. పెద్దదైతే ఏంటి, వాళ్లంతా పెడనలోనే దిగిపోయారుగా అని ముందు బెంచీ పిల్ల అతని మీదికి లేచింది. మొదట రాసింది పెడనే కాబట్టి అదే బోర్డు అన్నారు ఇంకెవరో. సరోజిని పదాలన్నీ తారుమారు చేసి 3 + x⁴ + 40x + 6x² అని రాసింది. ముందు ఎక్కినవాళ్ల పేరు బోర్డు మీద రాస్తారా అని అడిగింది. క్లాసులో నాలుగు వాదనలు ఒకేసారి నడిచాయి. చివరికి అందరూ గుడివాడకు వచ్చారు. పరిమాణం నాలుగు. 500x + 2x³ రాస్తే, ఐదొందల మందిని పెడనలో దింపేసి హాయిగా మూడు అన్నారు.

ఎవరో ఒక సందేహం తెచ్చారు. గుడివాడకు ఎవరూ లేకపోయినా బస్సు వెళ్లి తీరుతుంది, డిపో అక్కడుంది కదా అని. ఆర్టీసీ బస్సు వెళ్తుంది గానీ, మన లెక్కల బస్సు ఎవరూ లేని ఊరికి డీజిల్ తగలెయ్యదని సరోజిని చెప్పింది. పిల్లలు ఒప్పుకున్నారు. ఆమెకు ఒళ్లంతా తేలికైంది. ఆ ఊపులోనే ఇంకొకటి రాసింది: 0x⁴ + 2x³ + 7.

"మూడు," అన్నారు చాలామంది.

"నాలుగు," అంది రెండో వరసలోంచి ఒక్క గొంతు. రెండు జడలు, నిటారు మెడ. పేరు యశస్విని.

ఎందుకని అడిగితే లేచి నిలబడింది. "మా అమ్మ గుడివాడలో బట్టల షాపులో చేస్తుంది టీచర్. రోజూ జీరో టికెట్ మీదే వెళ్తుంది. టికెట్ మీద సున్నా ఉంటే అమ్మ గుడివాడ వెళ్లనట్టా?"

క్లాసంతా గొల్లుమంది. మరుక్షణమే నవ్వు ఆగిపోయింది, ముఖ్యంగా ఆడపిల్లల వైపు. వాళ్ల అమ్మలూ, అక్కలూ, పిన్నులూ సున్నా టికెట్ల మీద గుడివాడకూ బందరుకూ తిరుగుతూనే ఉన్నారు. నిజమే కదా టీచర్ అన్నారు ఇద్దరు ముగ్గురు. ఇందాక మూడు అన్నవాళ్లలో సగంమంది నాలుగుకు మారిపోయారు. ఆఖరి బెంచీలో చలపతిరావుగారు కళ్లు తెరిచారు.

సరోజిని చెయ్యి గాలిలో ఆగింది. పుస్తకంలో ఉన్నది ఒక్క ముక్కలో చెప్పి ఆ పిల్లను కూర్చోబెట్టవచ్చు. గుణకం సున్నా అయితే ఆ పదం లేనట్టే, రాసుకో అంటే రాసుకుంటుంది. అంతటితో పీరియడూ అయిపోతుంది, ఆ పిల్ల నాలుగూ ఆ పిల్ల దగ్గరే ఉండిపోతుంది. అసలు ఆ పిల్ల తప్పు ఏమిటి? పెడనకు నలభై, కవుతారానికి ఆరు అని తను గబగబా రాసుకుపోయింది. అవి దేని లెక్కో ఒక్కసారి కూడా చెప్పలేదు. పొద్దున కండక్టరు ఇచ్చిన టికెట్ తన పర్సులోనే ఉంది, దాని మీదా సున్నాయే. తనూ వచ్చింది మరి.

"యశస్విని అడిగింది సరైన ప్రశ్న," అంది. "పొరపాటు నాది. ముందున్న అంకె దేని లెక్కో నేను చెప్పలేదు. యశస్వినీ, మీ అమ్మగారి టికెట్ మీద సున్నా దేనికి?"

"డబ్బులకి."

"సీట్లో ఎంతమంది కూర్చున్నారు?"

"అమ్మ. ఒకరు."

"మన బస్సులో ముందున్న అంకె సీట్లో మనుషుల లెక్క. డబ్బుల ఊసే లేదు. అయితే మీ అమ్మగారిని బోర్డు మీద ఎలా రాస్తావో వచ్చి రాయి."

యశస్విని వచ్చి చాక్‌పీసు తీసుకుంది. కాసేపు గీత వైపు, కాసేపు గుడివాడ వైపు చూసి, 1x⁴ అని రాసింది.

"ఒకటైతే మామూలుగా రాయం కదా?"

ఆ పిల్ల వేలితో ఒకటిని చెరిపేసింది. x⁴ మిగిలింది. దాని వైపు చూస్తూ అక్కడే నిలబడిపోయింది. సరోజిని పక్కకు జరిగి చోటిచ్చింది. ఏడేళ్ల పిల్లలకు వాక్యం నేర్పేటప్పుడు ఎప్పుడూ రాని ఓపిక ఇప్పుడు వచ్చింది, ఎంతసేపైనా ఆగగలననిపించింది.

"ముందు ఏమీ కనపడకపోయినా అమ్మ ఉంది టీచర్," అంది యశస్విని నెమ్మదిగా. "అక్కడ సున్నా కనపడతా ఉన్నా ఎవరూ లేరు."

"చూద్దాం, ఎవరైనా ఉన్నారేమో. x బదులు పది పెట్టండి."

క్లాసంతా తలలు వంచింది. పది నాలుగో ఘాతం పదివేలు. దాన్ని సున్నాతో గుణిస్తే సున్నా. రెండువేల ఏడు వచ్చిందని ఆవలించిన పిల్లవాడే అందరికన్నా ముందు అరిచాడు. పదివేల ఊరు, కానీ ఒక్క మనిషీ దిగలేదు. బోర్డు గుడ్లవల్లేరుకే పెట్టాలి, పరిమాణం మూడు. యశస్విని తన సమాధానం తనే దిద్దుకుని, చాక్‌పీసు పొడి గౌనుకు తుడుచుకుని వెళ్లి కూర్చుంది. కూర్చున్నాక కూడా నవ్వుతూనే ఉంది, తన ప్రశ్నే గెలిచినట్టు. గెలిచింది కూడా.

అప్పుడు వెనకనుంచి చలపతిరావుగారి గొంతు వినపడింది. "టీచరుగారూ, నాదొక సందేహం. ఏడు ఒక్కటే ఉంటే పరిమాణం ఎంత?"

సరోజిని పిల్లల వైపు తిరిగింది. వాళ్లు ఆయనకే చెప్పారు: ఏడుగురూ బందరు బస్టాండులోనే ఉన్నారు, ఎక్కడికీ పోలేదు, కాబట్టి సున్నా.

"మరి సున్నా ఒక్కటే ఉంటే?"

సున్నాయే అని ఒకరిద్దరు అనబోయి ఆగారు. బస్టాండు గుర్తుకొచ్చినట్టుంది.

"బస్టాండులో కూడా ఎవరూ లేరు సార్," అన్నాడొకడు.

"బస్సే లేదు," అంది ముందు బెంచీ పిల్ల.

"బస్సే లేకపోతే బోర్డు ఎక్కడ పెడతారు?" అన్నారు చలపతిరావుగారు. ఆ ప్రశ్న ఎవరికో తెలియలేదు.

"పెట్టం సార్," అంది సరోజిని. "అందుకే శూన్య బహుపదికి పరిమాణం సున్నా అని కూడా అనం. అసలు చెప్పం." ఆ తరవాత, ఇందాక సగంలో వదిలేసిన నిర్వచనాన్ని పిల్లల్నే సొంతమాటల్లో చెప్పమంది. నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఒకటి కాస్త వంకరగా ఉంది, దాన్ని మిగతావాళ్లే సరిచేశారు. బెల్లు కొట్టినా ఎవరూ పుస్తకాలు సర్దలేదు.

వరండాలోకి వచ్చాక చలపతిరావుగారు గోడవారగా ఆగారు. సరోజినికి అప్పుడు గుర్తొచ్చింది, ఇది ఉద్యోగం కోసం చెప్పిన డెమో అని. క్లాసులో ఉన్నంతసేపూ దాని సంగతే మరిచిపోయింది.

"మీ బస్సు బాగానే నడిచిందమ్మా. వచ్చేవారం రెండు బహుపదుల్ని గుణించడం చెప్పాలి. అప్పుడు పరిమాణాలు రెండూ కూడాలి. రెండో ఊరు బస్సునీ మూడో ఊరు బస్సునీ గుణిస్తే ఏమవుతుంది?"

సరోజిని ఆలోచించింది. ఎలాగోలా అతికించి చెప్పవచ్చు. అలా అతికించిన మాట ఆమెకు నచ్చదు.

"అక్కడికి బస్సు పోదండి. దిగి నడవాల్సిందే. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పేస్తాను."

ఆయన మొదటిసారి నవ్వారు. పళ్లు కనపడకుండా, కళ్లతోనే.

"క్యారేజీ తెచ్చుకున్నారా?"

"లేదండీ. పన్నెండింటికల్లా ఇంటికి వెళ్లిపోతాననుకున్నాను."

"ఇవాళ్టికి మా టీచర్లు తలా ఒక ముద్ద పెడతారు, రేపట్నుంచి మీదే మీరు తెచ్చుకోండి. తరవాతి పీరియడు ఎనిమిదో తరగతి. గొడవ వినపడతా ఉందిగా, అదే గది." అంత చెప్పి, జీతం సంగతీ కాగితాల సంగతీ సాయంత్రం మాట్లాడదామని ఆయన తన గదిలోకి వెళ్లిపోయారు.

సరోజిని స్తంభం పక్కకు జరిగి రాజ్ కుమార్‌కి ఫోన్ చేసింది. షాపులో ఉన్నాడు, వెనకనుంచి డ్రిల్లింగ్ మోత. ఏమైందని అడగడానికి కూడా భయపడుతున్నట్టు, హలో అని ఊరుకున్నాడు.

"మధ్యాహ్నం అన్నం మీరే పెట్టుకు తినండి. చింతపండు పులుసు చిన్నగిన్నెలో ఉంది. పెరుగు ఫ్రిజ్‌లో పెట్టాను."

"నువ్వు రావా?"

"సాయంత్రం వస్తాను. ఎనిమిదో తరగతి పిల్లలు కూర్చుని ఉన్నారు."

అటువైపు రాజ్ కుమార్ డ్రిల్లింగ్ ఆపమని కేకేశాడు. అది ఆగిపోయింది. తరవాత అతను షాపులో ఎవరికో, వైరు కొనడానికి వచ్చిన మనిషికే కాబోలు, మా ఆవిడ లెక్కల టీచరండీ, గుడ్లవల్లేరులో అని చెబుతున్నాడు. ఆ మనిషి, అలాగాండీ అంటున్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఇంకోసారి చెబుతాడేమోనని విన్నది సరోజిని. చెప్పాడు. అప్పుడు ఫోన్ కట్ చేసి, కొంగు దోపుకుని, గొడవ వినపడుతున్న గదిలోకి వెళ్లింది.